లైసెన్సు యూనివర్సిటీది, చెవులు మావి

మా ఊరి యూనివర్సిటీ రేడియో స్టేషన్‌కి ఈమధ్య పేరు మార్చారు. ఇన్నేళ్లూ నాలుగక్షరాల కాల్ సైన్‌తో పిలుచుకున్నాం. ఇకమీదట దాన్ని ఫలానా ‘పబ్లిక్ మీడియా’ అనాలట. ఆ పేరు కనిపెట్టడానికి పైఊరి నుంచి కన్సల్టెంట్లు వచ్చారు, కొత్త లోగో వచ్చింది, ఆ లోగో వేసిన కాఫీ కప్పు చందాదారులకి పోస్టులో వచ్చింది. కప్పుతోపాటు ఒక ప్రశ్నావళి. ‘మా స్టేషన్ పేరు వినగానే మీ మనసులో ఏ భావం కలుగుతుంది?’ అని అందులో మొదటి ప్రశ్న. డెబ్బై అయిదు దాటినవాణ్ణి, ఈ వయసులో అబద్ధమాడి కట్టుకుపోయేదేముంది, ‘చిరాకు’ అని రాసి పంపించాను.

మా రోజుల్లో స్టేషన్‌వాళ్లు మా భావాలు అడిగేవాళ్లు కాదు. సోయాబీన్ ధర ఎంతో చెప్పేవాళ్లు. వాన వస్తుందో రాదో చెప్పేవాళ్లు. మధ్యాహ్నం ఏదో నవల్లోంచి ఒక అధ్యాయం చదివేవాళ్లు, రాత్రయితే బీతోవెన్ వేసేవాళ్లు. వింటే విన్నాం, లేకపోతే లేదు.

నేనీ దేశానికి ఎలా వచ్చానో చెబితేగాని ఈ గొడవలో నాకేం పనో అర్థం కాదు. మా తరం బాపట్ల వ్యవసాయ కాలేజీ కుర్రాళ్లకి అమెరికా అంటే ముందు కాన్సాస్. 1964లో పెట్టిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ అండగా ఉండేది. వాళ్ల ప్రొఫెసర్లు రాజేంద్రనగర్ వచ్చేవాళ్లు, మనవాళ్లు మాన్‌హట్టన్ వెళ్లేవాళ్లు. న్యూయార్క్‌లో ఉన్నది కాదండోయ్, గోధుమ చేల మధ్యనున్న ఇంకో మాన్‌హట్టన్. ఆ దారినే వచ్చి, చివరికి మిడ్‌వెస్ట్‌లోనే మరో యూనివర్సిటీ ఊళ్లో స్థిరపడ్డాను. ఊరి పేరు మాత్రం చెప్పను. రేపు పొద్దున మళ్లీ ఆ స్టేషన్ వాళ్ల మొహమే చూడాలి.

చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో అంటే విజయవాడ కేంద్రం. అప్పట్లో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే వినేవాడికి లైసెన్సు ఉండాలి. మా నాన్నగారు ఏటా పోస్టాఫీసుకి వెళ్లి రుసుం కట్టి వచ్చేవారు. ఇక్కడికి వచ్చాక ఆశ్చర్యపోయిన సంగతుల్లో ఇదొకటి. వినేవాడికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, వినిపించేవాడికి కావాలి. పైగా మా ఊళ్లో ఆ వినిపించేది ప్రభుత్వమూ కాదు, వ్యాపారీ కాదు. యూనివర్సిటీ. లైసెన్సు కాగితం మీద బోర్డ్ ఆఫ్ రీజెంట్స్ పేరు ఉంటుంది. అంటే గవర్నరు వేసిన ఓ పదిమంది పెద్దమనుషులు. వాళ్లలో లాయర్లుంటారు, బ్యాంకర్లుంటారు, పెద్ద రైతులుంటారు. రేడియో విననివాళ్లు కూడా ఉంటారు.

యూనివర్సిటీకి రేడియో ఎందుకు అంటే, రేడియో పుట్టిన ఇళ్లలో అదొకటి కాబట్టి. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఎర్ల్ టెర్రీ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు, శిష్యులూ కలిసి గాజు ఊది వాక్యూమ్ ట్యూబులు చేత్తో చేసుకునేవారట. వాళ్ల 9ఎక్స్ఎం స్టేషన్ మొదట మోర్స్ చుక్కల్లో రైతులకి వాతావరణం చెప్పింది, తరవాత గొంతుతో చెప్పింది, 1922లో డబ్ల్యూహెచ్ఏ అయింది. అదే ఏడు అయొవాలో డబ్ల్యూఓఐ వచ్చింది. చదువు క్లాసు గోడల దగ్గర ఆగకూడదు, రాష్ట్రం పొలిమేర దాకా వెళ్లాలి అన్నది అప్పటి వాళ్ల పట్టుదల. వ్యవసాయ విస్తరణ కోసం జీపుల్లో పల్లెలు తిరిగిన నాకు ఆ పట్టుదల ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1945లో ప్రసార లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ వాళ్లు ఎఫ్ఎం డయల్ మీద 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఇరవై చానెళ్లు విద్యా సంస్థలకి విడిగా తీసిపెట్టారు. డయల్ ఎడమ కొస అంతా మాదే. ఇప్పటికీ కొత్త ఊరికి కారులో వెళితే నా వేలు ముందు ఎడమ వైపుకే పోతుంది.

మా స్టేషన్ అప్పుడూ ఇప్పుడూ వ్యవసాయ విభాగం భవనం బేస్‌మెంట్‌లోనే. వానొస్తే ఒక మూల కారేది. అప్పట్లో మేనేజరు విస్తరణ విభాగం డీనుకి జవాబుదారీ. ఆ డీనుకి రేడియో కంటే ముఖ్యమైన తలనొప్పులు వంద. కాబట్టి ఏడాదికోసారి బడ్జెట్ కాగితం మీద సంతకం పెట్టి మళ్లీ ఏడాదిదాకా ఈ వైపు చూసేవాడు కాదు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, జీతాల లెక్కలు యూనివర్సిటీ అకౌంట్స్ వాళ్లే చూసేవాళ్లు. పట్టించుకోకపోవడం కూడా ఒక రకం స్వాతంత్ర్యమే. మా స్టేషన్ దాని మీదే బతికింది.

ఒక ఏడు ఫీజులు పెంచారు. విద్యార్థులు పరిపాలన భవనం మెట్ల మీద కూర్చున్నారు. స్టేషన్ వాళ్లు మైకు పట్టుకెళ్లి వాళ్ల మాటలు సాయంత్రం వార్తల్లో వేశారు. మర్నాడు ప్రెసిడెంటు ఆఫీసు నుంచి మేనేజరుకి ఫోను. ఆయన, ముక్కుసూటి మనిషి, మోచేతుల దగ్గర అరిగిపోయిన స్వెట్టరుతో ఏళ్లు గడిపినవాడు, అవతలివాళ్లు చెప్పిందంతా విని, “అలాగే, ప్రెసిడెంటు గారి మాట కూడా రికార్డు చేస్తాం, ఎన్నింటికి రమ్మంటారు?” అన్నాడు. ఆ వారమే ప్రెసిడెంటు స్టూడియోకి వచ్చి ఫీజులు ఎందుకు పెంచాల్సి వచ్చిందో ఓపిగ్గా చెప్పి వెళ్లాడు. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

ఇప్పుడు ఆ స్టేషన్ ఎవరికి జవాబుదారీనో తెలుసా? మార్కెటింగ్, కమ్యూనికేషన్స్ చూసే వైస్ ప్రెసిడెంటుకి. యూనివర్సిటీ పరువు కాపాడ్డం ఆయన ఉద్యోగం. ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే చాటాలి, ఎక్కడైనా కంపు కొడితే కిటికీలు మూయాలి. ఆ కంపెక్కడిదో కనుక్కోవడం వార్తల గది పని. ఇద్దర్నీ ఒక గొడుగు కింద నిలబెట్టారు. ‘అబ్బే, ఆయన కంటెంట్‌లో జోక్యం చేసుకోరు’ అంటారు. చేసుకోకపోవచ్చు. జీతం పెంపు కాగితం మీద సంతకం పెట్టే మనిషి ఏం చదివితే నొచ్చుకుంటాడో కింద పనిచేసేవాడికి ఒకరు చెప్పాలా? ప్రొవోస్టు కింద పెట్టండి, అంటే చదువుల వైపు పెద్ద కింద, పోనీ నేరుగా ప్రెసిడెంటు కింద పెట్టండి అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. సంస్థాగత పటంలో గీత అటు గీశారా ఇటు గీశారా అన్నది చిన్న విషయమే అనిపిస్తుంది, అది తెగేదాకా.

టెనెసీ రాష్ట్రం చట్టనూగాలో 2017లో ఏం జరిగిందో చూడండి. అక్కడి యూనివర్సిటీ స్టేషన్ డబ్ల్యూయూటీసీ. దాని విలేఖరి ఒకరు హైస్కూలు పిల్లలతో కలిసి రాష్ట్ర శాసనసభ్యుల దగ్గరికి వెళ్లారు. ట్రాన్స్‌జెండర్ పిల్లల బాత్రూముల బిల్లు మీద ఆ పిల్లలు మాట్లాడారు, ఈవిడ రికార్డు చేసి ప్రసారం చేశారు. తాను విలేఖరినని ఆవిడ మాకు చెప్పలేదని శాసనసభ్యులు యూనివర్సిటీకి ఫిర్యాదు చేశారు. మైకు, హెడ్‌ఫోన్లు కనబడుతూనే ఉన్నాయి కదా అని ఆవిడ వాదన. ఆ తప్పొప్పులు తేల్చవలసింది స్టేషన్‌లో వార్తల పెద్దలు. తేల్చింది యూనివర్సిటీ యాజమాన్యం. ఉద్యోగంలోంచి తీసేశారు. రాజకీయ ఒత్తిడి ఏమీ లేదని యూనివర్సిటీ అంది. వార్తల నిర్ణయాలు వార్తల వాళ్లకే వదలాలని జాతీయ పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ బాహాటంగా తప్పుపట్టింది. నా మటుకు నాకు ఆవిడ ఇంకొంచెం స్పష్టంగా చెప్పుకుని ఉండాల్సిందనే అనిపిస్తుంది. కానీ ఆ మాట ఆవిడ ఎడిటర్ అనాలి. నాలాంటివాడు అనొచ్చు. బడ్జెట్ కోసం అదే శాసనసభ దగ్గర చేయి చాచే యూనివర్సిటీ మాత్రం అనకూడదు.

ఇలాంటివి వస్తాయని పెద్దలు ముందే ఊహించారు. 1984లో విస్కాన్సిన్‌లో వింగ్‌స్ప్రెడ్ అనే చోట పబ్లిక్ రేడియో, టీవీ లైసెన్సులున్న వాళ్లు కూర్చుని కొన్ని సూత్రాలు రాసుకున్నారు. మేం జనం తరఫున ధర్మకర్తలం, మా సేవ అంటే మా కార్యక్రమాలే, నమ్మకం పోతే మాకింకేం మిగలదు, రాజ్యాంగం, చట్టం మోపిన బాధ్యతలు మామీద ఉన్నాయి, జనం డబ్బుకి లెక్క చెప్పాలి అని వాటి సారం. చాలా యూనివర్సిటీ బోర్డులు వాటిని ఆమోదిస్తూ తీర్మానాలు చేశాయి. మా బోర్డూ చేసే ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే ఏ తీర్మానాన్నీ కాదన్న బోర్డు కాదది. ఇప్పుడున్న రీజెంట్లలో ఎంతమంది ఆ కాగితం చదివారో అడిగి చూడండి. కొత్త సభ్యుడు చేరగానే ఫుట్‌బాల్ స్టేడియం చూపిస్తారు, ఆస్పత్రి చూపిస్తారు, ప్రయోగశాలలు చూపిస్తారు. రేడియో స్టేషన్ ఆ యాత్రలో ఉండదు.

మా పాత మేనేజరుకి ఆ సూత్రాలు ఎవరూ రాసివ్వలేదు, అయినా ఆయన వాటి ప్రకారమే నడిచాడు. ఇప్పుడు గోడ మీద ఫ్రేము కట్టి ఉన్నాయి. అంత మాత్రాన పాత కాలం కాగితాల్లేకుండానే చక్కగా నడిచిందని అనను. ఆయన తరవాత వచ్చినవాడు ప్రెసిడెంటు ఫోను అంటే నిలబడి మాట్లాడేవాడు. మనిషి మీద ఆధారపడితే ఆ మనిషి రిటైరయ్యేదాకానే.

సరే, నా అసలు కడుపుమంట చెబుతాను. యూనివర్సిటీకి ఈ పెద్ద స్టేషన్ కాక విద్యార్థులు నడిపే చిన్న స్టేషన్ ఇంకోటి ఉండేది. పది వాట్లు. అప్పటి ఇంట్లో బల్బు అంతకంటే ఎక్కువ తినేది. 1948 నుంచి ఎఫ్‌సీసీ విద్యా సంస్థలకి ఈ పది వాట్ల లైసెన్సులు ఇచ్చేది. ఆదివారం పొద్దున అందులో మాకు ఒక గంట ఇచ్చారు. తెలుగు గంట. ఘంటసాల ఎల్పీలు మద్రాసు నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టుకుని వచ్చేవి. మైకు ముందు కూర్చోవాలంటే మూడో తరగతి ఆపరేటర్ పర్మిట్ ఉండాలి, దానికి ఎఫ్‌సీసీ పరీక్ష రాయాలి. ఎం.ఎస్సీ. పరీక్షకి కూడా అంత శ్రద్ధగా చదవలేదు. ట్రాన్స్‌మిటర్ మీటర్లు చూసి లాగ్ పుస్తకంలో అంకెలు రాయాలి, గంట గంటకీ కాల్ సైన్ చెప్పాలి. ‘లవకుశ’ పాట మధ్యలో గంటయితే ఏం చెయ్యాలన్నది మా మధ్య పెద్ద చర్చ. పాట కోయడమా, చట్టం మీరడమా? చివరికి పాటలన్నీ ముందే గడియారం పెట్టుకుని కొలిచి వరసపెట్టేవాళ్లం. మంచి రోజైతే ఊరి చివరి పెట్రోల్ బంకు దాకా వినబడేది. అక్కడ పనిచేసే అమెరికన్ కుర్రాడొకడు సుశీల గొంతుకి పడిపోయి ఫోన్ చేసి పేరు రాసుకున్నాడు.

మా తెలుగు మిత్రుడొకడు షికాగో డెవాన్ వీధి నుంచి కందిపప్పు, ఇంగువ తెచ్చి గరాజ్‌లో అమ్మేవాడు. ‘మన గంటలో ఓ మాట చెప్పవోయ్, చవగ్గా ఇస్తున్నానని’ అన్నాడు. స్టూడెంట్ మేనేజరు, ఇరవై ఏళ్ల పిల్ల, వేలు చూపించి ‘వీల్లేదు’ అంది. వాణిజ్యేతర లైసెన్సు. సాయం చేసినవాళ్ల పేరు చెప్పొచ్చు, ధర చెప్పకూడదు, మంచిదనకూడదు, కొనమనకూడదు. మా మిత్రుడు ఆ తరవాత ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. 1984లో ఎఫ్‌సీసీ ఆ పట్టు కొంచెం సడలించింది. సంస్థ నినాదం చెప్పొచ్చు, వ్యాపారం ఏమిటో వివరించొచ్చు అంది. ధర, పోలిక, ‘రండి కొనండి’ మాత్రం ఇప్పటికీ నిషేధమే. కానీ ఇప్పుడు పొద్దున్నే వినండి. ఫలానా న్యాయవాదుల సంస్థ, మూడు తరాల నుంచి కుటుంబాలకి అండగా. ఫలానా బ్యాంకు, మీ కలలకి తోడుగా. ధర లేదు, పోలిక లేదు, కొనమనలేదు. చట్టం అక్షరం తూచా తప్పలేదు. మా కందిపప్పు మిత్రుడు వింటే గుండె ఆగేది.

ఆ పది వాట్ల స్టేషన్‌ని చంపింది ఎవరనుకున్నారు? వ్యాపార రేడియో కాదు. పబ్లిక్ రేడియోనే. 1967లో పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం వచ్చాక కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ అని ఒకటి పుట్టింది. జీతగాళ్లు ఇంతమంది ఉండాలి, రోజుకి ఇన్ని గంటలు నడవాలి, అలాంటి పెద్ద స్టేషన్లకే గ్రాంటు అని అది లెక్కలు పెట్టింది. పది వాట్ల వాళ్లు చోటు ఆక్రమించి పెద్దవాళ్లని ఎదగనివ్వడం లేదని ఎఫ్‌సీసీకి మొరపెట్టుకుంది. 1978లో ఎఫ్‌సీసీ తీర్పు చెప్పింది. కనీసం వంద వాట్లకి పెరగండి, లేదా ఎవడొచ్చి మీ మీద కూర్చున్నా అడగొద్దు. పెరగాలంటే కొత్త ట్రాన్స్‌మిటరు, కొత్త యాంటెన్నా, ఇంజినీరు. మా యూనివర్సిటీకి ఆ డబ్బు ఖర్చు పెట్టాలనిపించలేదు. తెలుగు గంట అలా పోయింది. పెద్ద స్టేషన్‌లో చోటడిగితే, ‘మా శ్రోతల అభిరుచికి అనుగుణంగా కార్యక్రమాల్లో ఏకరూపత పాటిస్తున్నాం’ అని ఉత్తరం వచ్చింది. మర్యాదగా రాశారు, సంతకం నీలం సిరాలో ఉంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ గ్రాంటుల వల్లే 1971 మే 3న సాయంత్రం ఎన్‌పీఆర్ వార్తా కార్యక్రమం ‘ఆల్ థింగ్స్ కన్సిడర్డ్’ మొదలైంది. తొంభైకి అటూఇటూగా స్టేషన్లు అందుకున్నాయి, వాటిలో యూనివర్సిటీలవి బోలెడు. ఎన్‌పీఆర్ తొలి ఆశయపత్రం రాసిన బిల్ సీమరింగ్ బఫెలో యూనివర్సిటీ స్టేషన్ నుంచి వచ్చినవాడే. ఆ కార్యక్రమం నా ఇంగ్లీషుని బాగుచేసింది. తెలుగు గంటని తీసుకుని ఇంగ్లీషు ఇచ్చారు. బేరం నష్టమని మాత్రం అనలేను.

నన్ను భయపెట్టేది మాత్రం అమ్మకాలు. 2010లో హూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ తన విద్యార్థుల స్టేషన్ కేటీఆర్‌యూని 95 లక్షల డాలర్లకి హూస్టన్ యూనివర్సిటీకి అమ్ముతున్నామంది. పిల్లలకి తెలిసేసరికి మాటలన్నీ అయిపోయాయి. కొన్నవాళ్లు దాన్ని శాస్త్రీయ సంగీతం స్టేషన్ చేశారు. కొన్నేళ్లకి వాళ్లకీ బరువైంది, క్రైస్తవ సంగీతం వేసే సంస్థకి కోటి డాలర్లకి అమ్మేశారు. 2011 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ తన స్టేషన్ కేయూఎస్ఎఫ్‌ని ఒక ఉదయం ఉన్నపళంగా ఆపేసింది. 37.5 లక్షల డాలర్ల బేరం. 2014లో అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ అమ్మలేదు, కానీ లక్ష వాట్ల విద్యార్థుల స్టేషన్‌లో పగటి పధ్నాలుగు గంటలు రాష్ట్ర ప్రసార సంస్థకి అప్పగించేసింది. పిల్లలకి రాత్రి మిగిల్చారు.

గుడి మాన్యం ధర్మకర్త చేతిలో ఉంటుంది. పట్టా కాగితం ఆయన బీరువాలోనే ఉంటుంది, కౌలు ఆయనే వసూలు చేస్తాడు. కూతురి పెళ్లికి డబ్బు చాలకపోతే ఆ మాన్యం అమ్ముకోవచ్చా? ఊరు ఊరుకుంటుందా? రేడియో లైసెన్సు అంతకంటే గట్టిది, అది సొంత ఆస్తి కానే కాదని చట్టం అంటుంది. ఆ తరంగం జనానిది. ప్రజాప్రయోజనం కోసం కొన్నేళ్లకి వాడుకోమని ఇచ్చారు. కానీ ఎఫ్‌సీసీ ఆమోదంతో ఇంకొకరికి బదిలీ చెయ్యొచ్చు, దానికి డబ్బూ పుచ్చుకోవచ్చు. ఆ సందులోంచే కోట్లు కారుతున్నాయి.

మా రోజుల్లో ఇలా లేదు అని గట్టిగా అందామనుకున్నాను గాని, మా రోజులకి ముందు ఇంకా ఘోరం. 1921 నుంచి 1936 దాకా చదువు సంస్థలకి రేడియో లైసెన్సులు సుమారు రెండు వందలు ఇస్తే, చివరికి నలభై కూడా మిగల్లేదు. ఆర్థిక మాంద్యం వచ్చింది, వ్యాపార స్టేషన్లు మంచి ఫ్రీక్వెన్సీల కోసం పోట్లాడాయి, కాలేజీలు వదిలించుకున్నాయి. కాబట్టి మధ్యలో ఓ ముప్పై నలభై ఏళ్లు, ఎవరూ ఈ బేస్‌మెంట్‌కి విలువ కట్టని కాలం ఒకటి వచ్చింది. మా అదృష్టంకొద్దీ మేం అందులో పడ్డాం.

ఎదురుతిరిగి గెలిచిన ఊరూ ఒకటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ లూథరన్ యూనివర్సిటీ 2015 నవంబరులో తన కేపీఎల్‌యూని సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి అమ్మేస్తున్నామని ప్రకటించింది. స్టేషన్ సిబ్బందికీ, సలహా సంఘానికీ తెలిసింది అప్పుడే. శ్రోతలు గగ్గోలు పెట్టారు. సరే, 70 లక్షల డాలర్లు తెచ్చుకోండి, మీకే ఇస్తాం అన్నారు. వేలమంది తలో పిడికెడు వేసి 2016 మే నెల గడిచేలోగా తెచ్చారు. ఆగస్టు 31 నుంచి అది కేఎన్‌కేఎక్స్. నేను ఆనందించాను. కోపం కూడా వచ్చింది. ఏళ్ల తరబడి చందాలిచ్చి పోషించిన స్టేషన్‌ని అదే చందాదారులు మళ్లీ డబ్బిచ్చి కొనుక్కోవాలా?

మా మనవరాలు, కాలేజీ పిల్ల, అడ్డు తగిలింది. “తాతయ్యా, అది ప్రైవేటు కాలేజీ కదా. మనది స్టేట్ యూనివర్సిటీ. మనకి సలహా సంఘం ఉంటుంది, బహిరంగ సమావేశాలుంటాయి.” పిచ్చితల్లి. ఫెడరల్ గ్రాంటు పుచ్చుకునే స్టేషన్లకి శ్రోతల సలహా సంఘం ఉండాలని చట్టంలో ఉన్నమాట నిజమే. రాష్ట్ర ప్రభుత్వాలూ, ప్రభుత్వ సంస్థలూ నడిపే స్టేషన్లకి ఆ నిబంధన వర్తించదని కూడా అదే చట్టంలో ఉంది. ప్రభుత్వమే జనం కదా, మళ్లీ జనాన్ని అడగడమెందుకు అనుకున్నారు కాబోలు. మా స్టేషన్ దయతలచి ఒక సంఘం పెట్టింది. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి సమావేశం. ఆ వేళకి రాగలిగేది నాలాంటి రిటైరైనవాళ్లూ, స్టేషన్‌కి ప్రకటన లాంటి ప్రకటన ఇచ్చే బ్యాంకు మేనేజరూ. మాకు ఓటు లేదు. సమోసాల్లేవు, బిస్కెట్లు పెడతారు.

2025 జులైలో రాజధాని వాషింగ్టన్‌లో పెద్ద దెబ్బ పడింది. పబ్లిక్ రేడియో, టీవీలకి అప్పటికే ఇస్తామన్న 110 కోట్ల డాలర్లు అమెరికా కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది, ఆ నెల 24న సంతకం అయింది, ఆగస్టు మొదటి తారీఖున కార్పొరేషన్ వాళ్లు దుకాణం కట్టేస్తున్నామన్నారు. మా తెలుగు గంటని మింగిన సంస్థ. నవ్వొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. పెద్ద నగరాల స్టేషన్లకి ఆ డబ్బు లేకపోయినా నడుస్తుంది, మొక్కజొన్న చేల మధ్యనున్న మాలాంటి వాటికి అందులో రెండు మూడు జీతాలుండేవి. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ ట్రస్టీలు సెప్టెంబరులో తమ స్టేషన్ డబ్ల్యూపీఎస్‌యూని మూసేసే దారి పట్టారు, గోల జరిగాక అక్టోబరులో ఫిలడెల్ఫియా స్టేషన్‌కి అప్పగించడానికి ఒప్పుకున్నారు. మా దగ్గర యూనివర్సిటీ అకౌంట్స్ వాళ్లు బేస్‌మెంట్ చదరపు అడుగులు కొలిచి వెళ్లారు. ఆ గది, ఆ కరెంటు ఇన్నేళ్లూ ‘పరోక్ష సాయం’ అని లెక్కలో రాసుకుని, ఆ లెక్క చూపించే ఫెడరల్ గ్రాంటు పెంచుకునేవాళ్లు. ఆ గ్రాంటే లేనప్పుడు ఈ సాయం ఎందుకు, అద్దె అడిగితే పోలా అని ఎవరికో తోచింది.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడితో ఇదంతా మొర పెట్టుకుంటే, “నువ్వు అదృష్టవంతుడివిరా అన్నయ్యా” అన్నాడు. అక్కడా ఇప్పుడు యూనివర్సిటీలకి రేడియోలున్నాయి. తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2002 చివర్లో విద్యా సంస్థలకి అనుమతినిచ్చారు, 2004లో చెన్నైలో అన్నా ఎఫ్ఎం వచ్చింది, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 90.4 మీద బోల్ హైదరాబాద్ ఉంది. కానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలు మళ్లీ వినిపించుకోవచ్చు, అంతే. వార్తలే లేని స్టేషన్‌లో వైస్ ఛాన్సలర్‌కి కోపం తెప్పించే అవకాశమెక్కడిది? మా తమ్ముడు చెప్పింది నిజమే, కొట్లాడ్డానికైనా నాకు ఒక గది ఉంది.

అందుకే వచ్చే నెల రీజెంట్ల సమావేశానికి వెళుతున్నాను. సలహా సంఘం కాదు, అసలు లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికి. మూడు సంగతులు అడగాలి. స్టేషన్‌ని మార్కెటింగ్ వైస్ ప్రెసిడెంటు కింద నుంచి తీసి చదువుల వైపు పెట్టమని ఒకటి. వార్తల గదిలో ఎవరినైనా శిక్షించాలంటే ముందు వార్తల ఎడిటరు రాతపూర్వకంగా నిర్ణయించాలి, పైవాళ్లు దాన్ని దాటకూడదని తీర్మానం చెయ్యమని రెండోది. అమ్మాలన్నా, అప్పగించాలన్నా ఏడాది ముందు మైకులో, అదే స్టేషన్ మైకులో, జనానికి చెప్పాలని మూడోది. మూడోదానికి వాళ్ల లాయరు ఒప్పుకోడని నాకు తెలుసు. బేరాలు గుట్టుగా సాగాలంటాడు. మాన్యం కబురు చెప్పాలనుకుంటున్నాను, మనవరాలు దాన్ని ఇంగ్లీషులో సరిచేస్తానంది, కారు కూడా తనే నడుపుతుంది.

బయటివాళ్లు మాట్లాడాలంటే ముందుగా ఫారం నింపాలి. నింపాను. మనిషికి రెండు నిమిషాలు ఇస్తారట. రెండు నిమిషాల్లో మా బాపట్లవాడు కుర్చీ కూడా జరుపుకోడు.